పెరాక్సైడ్ వేశాక రియాక్టర్ చల్లగానే ఉందా? అప్పుడే ఆపాలి

ప్రశ్న: నమస్కారమండి. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం దగ్గర ఒక చిన్న యూనిట్‌లో షిఫ్ట్ కెమిస్ట్‌గా చేస్తున్నాను. మా దగ్గర ఒక సల్ఫైడ్‌ను సల్ఫాక్సైడ్‌గా మార్చే (ఆక్సిజన్ చేర్చే) స్టెప్ ఉంది. ఎసిటిక్ యాసిడ్ 240 కిలోలు, సల్ఫైడ్ 40 కిలోలు (అణుభారం 200 దరిదాపు), 50 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 14.3 కిలోలు. ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో అరగంటలో వేసేసినా ఏమీ కాలేదు. 50 లీటర్ల రియాక్టర్‌లో పది బ్యాచులు బాగానే వచ్చాయి. ఇప్పుడు 500 లీటర్ల జీఎల్‌ఆర్‌లో (లోపల గాజు పూత ఉన్న రియాక్టర్) మొదలుపెట్టాం. రెండో బ్యాచ్‌లో జాగ్రత్త కోసమని జాకెట్‌లో (రియాక్టర్ చుట్టూ ఉండే బయటి తొడుగు) మైనస్ 5 డిగ్రీల బ్రైన్ (ఉప్పునీళ్లు) తిప్పి, 14-15 డిగ్రీల దగ్గర ఉంచి, పైనున్న అడిషన్ ట్యాంకు నుంచి గంటన్నరలో పెరాక్సైడ్ మొత్తం దింపాం. అంతసేపూ టెంపరేచర్ కదల్లేదు. తర్వాత రియాక్షన్ కోసం బ్రైన్ ఆపాం. 22 డిగ్రీలు చేరాక పది నిమిషాల్లో 71కి పోయింది. వెంట్ నుంచి దట్టంగా ఆవిరి వచ్చింది. బ్రైన్ మళ్లీ తెరిచాం, ఎలాగో దిగింది. మూడో బ్యాచ్ ఇంకా చల్లగా పెట్టి ఇంకా త్వరగా వేయమని మేనేజర్ గారు అంటున్నారు. రప్చర్ డిస్క్ (ఒత్తిడి పెరిగితే పగిలి దారిచ్చే పలక) పెడితే సరిపోతుందా? ఆ బ్యాచ్ మదర్ లిక్కర్ (ప్రొడక్ట్ తీశాక మిగిలిన ద్రవం) రెండు డ్రమ్ముల్లో మూత బిగించి షెడ్డులో ఉంచాం. దాన్ని రికవరీకి (సాల్వెంట్‌ను తిరిగి తీయడానికి) పంపవచ్చా?

సమాధానం: మీరు చివర్లో అడిగిన డ్రమ్ముల సంగతి ముందు చూడాలి. అది ఈ రోజే చేయాల్సిన పని. పెరాక్సైడ్ మిగిలి ఉన్న ద్రవం డ్రమ్ములో ఊరికే కూర్చోదు. మెల్లగా విడిపోతూ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. పైగా మూత బిగించారు, పైన రేకుల షెడ్డు. దూరం నుంచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో డ్రమ్ము ఒళ్లు చూడండి. పక్కనున్న మామూలు డ్రమ్ము కంటే వేడిగా ఉన్నా, పైమూత పొంగినట్టు ఉన్నా ఎవరూ దగ్గరకు వెళ్లొద్దు. మనుషుల్ని దూరం పంపి, ఫైర్ స్టేషన్‌కు 101 చేసి, వీలైతే దూరం నుంచి నీళ్లు కొట్టి చల్లబరచాలి. వేడీ లేదు, పొంగూ లేదు అంటే ముఖానికి షీల్డ్, చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, పక్కకు నిలబడి, చిన్న బంగ్‌ను (మూత బిరడాను) పావు చుట్టు మాత్రమే తిప్పండి. బుస్సుమంటే అక్కడే ఆపి గాలి పోనివ్వండి. ఆ తర్వాత గాలి వదిలే మూత బిగించండి. అందులో పెరాక్సైడ్ ఎంతుందో తేలేదాకా రికవరీ మాట ఎత్తొద్దు. ఎలా తేల్చాలో కింద చెప్తాం.

ఇక రెండో బ్యాచ్‌లో ఏం జరిగిందో లెక్క వేద్దాం. సల్ఫైడ్ సల్ఫాక్సైడ్‌గా మారేటప్పుడు మోలుకు దాదాపు 240 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. మీ 40 కిలోల్లో 200 మోళ్లు ఉన్నాయి. అంటే మొత్తం 47-48 వేల కిలోజౌళ్లు. రియాక్టర్‌లో ఉన్న 295 కిలోల ద్రవాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 620 కిలోజౌళ్లు చాలు. భాగించి చూస్తే, కూలింగ్ బొత్తిగా లేకుండా అంతా ఒకేసారి రియాక్ట్ అయితే టెంపరేచర్ 76 డిగ్రీలు ఎగబాకుతుంది. మీకు 22 నుంచి 71కి, అంటే 49 డిగ్రీలు ఎక్కింది. 49ని 76తో భాగించండి. మీరు గంటన్నర పాటు దింపిన పెరాక్సైడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు రియాక్ట్ అవకుండా లోపల అలాగే నిలిచి ఉందన్నమాట. ఆ పది నిమిషాల్లో జాకెట్‌లోకి పోయిన వేడిని కూడా కలిపితే ఇంకా ఎక్కువే.

మీరు భద్రత అనుకున్న గంటన్నర, నిజానికి అప్పు పేరుకుపోయిన గంటన్నర. పెరాక్సైడ్ లోపలికి వెళ్తోంది, రియాక్షన్ మాత్రం జరగడం లేదు. ఖాతాలో బాకీ పెరుగుతోంది. బ్రైన్ ఆపగానే బాకీ మొత్తం ఒక్కసారి వసూలుకు వచ్చింది. కాబట్టి ఇంకా చల్లగా, ఇంకా త్వరగా అనే సలహా సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంది. మూడో బ్యాచ్ అలా చేయొద్దు. ఆక్సిడేషన్‌లో డయల్ మీద కనిపించే టెంపరేచర్ కంటే, ఈ క్షణం లోపల రియాక్ట్ కాకుండా ఎంత ఆక్సిడెంట్ ఉంది అన్నదే అసలు ప్రశ్న. పెరాక్సైడ్ పోస్తున్నా టెంపరేచర్ కదలడం లేదంటే సంతోషించకూడదు, అనుమానించాలి.

ఇందులో మీ ప్రాసెస్‌కే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. శుద్ధ ఎసిటిక్ యాసిడ్ 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సల్ఫైడ్ కరిగి ఉంది కాబట్టి మీ ద్రవానికి ఆ హద్దు 13-14కు దిగుతుంది. మీరు ఉంచింది 14-15. మధ్యలో ద్రవంగానే కనిపిస్తుంది గానీ, మైనస్ 5 బ్రైన్ తగిలే గ్లాస్ గోడ మీద గడ్డకట్టక మానదు. సైట్ గ్లాస్‌లోంచి టార్చ్ వేసి చూస్తే ద్రవం అంచున గోడకు తెల్లటి మీగడలాంటి పొర అంటుకుని కనిపిస్తుంది. ఆ పొర దుప్పటి లాంటిది, వేడిని బయటికి పోనివ్వదు. బ్రైన్ ఎంత చల్లగా తిప్పినా లోపలి వేడిని లాగే శక్తి పడిపోతుంది. 71 డిగ్రీల దగ్గర అది కరిగిపోయింది కాబట్టి బ్రైన్ మళ్లీ పనిచేసింది, మీరు బయటపడ్డారు. వెంట్ కండెన్సర్‌లో కూడా బ్రైనే తిప్పుతుంటే ఇదే ప్రమాదం అక్కడా ఉంది. ఎసిటిక్ ఆవిరి ట్యూబుల్లో గడ్డకట్టి, గ్యాస్ బయటికి పోవాల్సిన ఒక్క దారినీ మూసేస్తుంది. ఈ ప్రాసెస్‌లో జాకెట్‌కు గానీ కండెన్సర్‌కు గానీ 18 డిగ్రీలకు తగ్గని నీళ్లే వాడాలి.

ల్యాబ్‌లో అరగంటలో వేసినా ఏమీ కాలేదు కదా అంటారు. లీటరు ఫ్లాస్కులో ప్రతి లీటరు ద్రవానికి దాదాపు 480 చదరపు సెంటీమీటర్ల గోడ ఉంటుంది. 500 లీటర్ల రియాక్టర్‌లో జాకెట్ తగిలే వైశాల్యం సుమారు 2.5 చదరపు మీటర్లు. లీటరుకు 50 చదరపు సెంటీమీటర్లే పడుతుంది, పదో వంతు. ల్యాబ్ ఫ్లాస్కు వేడిని గాలికే వదిలేస్తుంది, పెద్ద రియాక్టర్ దాచుకుంటుంది. 50 లీటర్లలో పది బ్యాచులు బాగా వచ్చాయన్నదీ ధైర్యం ఇచ్చే లెక్క కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న యూనిట్ ఉండేది. అక్కడి రియాక్షన్ ఆక్సిడేషన్ కాదు, సోడియం లోహంతో చేసేది. కానీ పాఠం మీదే. 42వ బ్యాచ్ దగ్గర బ్యాచ్ సైజు మూడో వంతు పెంచారు. 2007 డిసెంబరు 19న 175వ బ్యాచ్‌లో కూలింగ్ అందక రియాక్టర్ పేలిపోయింది. నలుగురు చనిపోయారు. కూలింగ్‌కు ప్రత్యామ్నాయం లేదని, రిలీఫ్ ఆ ఒత్తిడిని వదిలేంత పెద్దది కాదని అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో తేలింది. 174 బ్యాచులు దాటినా ఆ రెండు లోపాలూ బయటపడలేదు.

మరి ఎలా చేయాలి? రియాక్షన్ టెంపరేచర్ 30 డిగ్రీలు పెట్టుకోండి, జాకెట్‌లో 18 డిగ్రీల నీళ్లు. ఆ 12 డిగ్రీల తేడాతో, 2.5 చదరపు మీటర్ల గ్లాస్ గోడ గుండా, చదరపు మీటరుకు డిగ్రీకి 250 వాట్ల చొప్పున లెక్కేస్తే మీ జాకెట్ లాగగలిగింది 7.5 కిలోవాట్లు. 47,400ను 7.5తో భాగిస్తే 6,300 సెకన్లు, అంటే గంటా 45 నిమిషాలు. అంతకంటే త్వరగా వేస్తే జాకెట్ ఎంత కష్టపడినా టెంపరేచర్ నిలవదు. ఇది ఎవరి ధైర్యానికీ లొంగని హద్దు. సగం శక్తిని చేతిలో ఉంచుకోవాలి కాబట్టి అడిషన్‌కు మూడున్నర గంటలు రాసుకోండి. 250 అన్నది గ్లాస్ లైనింగ్‌కు మామూలుగా వేసుకునే అంకె. మీ రియాక్టర్‌ది కొలవాలంటే, అదే లెవెల్‌కు నీళ్లు నింపి 50 డిగ్రీలకు వేడిచేసి, జాకెట్‌లో చల్లనీళ్లు వదిలి, 40కి దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఒక మధ్యాహ్నం పని. నీళ్లతో వచ్చే అంకె యాసిడ్‌తో వచ్చేదానికంటే కొంచెం మెరుగ్గానే ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి.

అయితే 30 డిగ్రీల దగ్గర మీ సల్ఫైడ్ తగినంత వేగంగా రియాక్ట్ అవుతుందా? ఇది ఊహించి చెప్పేది కాదు, ల్యాబ్‌లో తేల్చాలి. లీటరు జాకెటెడ్ ఫ్లాస్కులో అదే నిష్పత్తిలో ఛార్జ్ చేసి, 30 దగ్గర ఉంచి, పెరాక్సైడ్‌లో 10 శాతం వేసి ఆపేయండి. లోపలి టెంపరేచర్‌కూ జాకెట్‌కూ మధ్య తేడా చూస్తూ ఉండండి. ఐదారు నిమిషాల్లో ఆ తేడా అడిషన్ ముందున్న స్థితికి వస్తే, వేసింది వేసినట్టే ఖర్చవుతోందని అర్థం. అరగంట తర్వాత కూడా తేడా మిగిలే ఉంటే పేరుకుంటోందని అర్థం. 30, 50, 80 శాతం దగ్గర కూడా ఇలాగే ఆపి చూడాలి. సల్ఫైడ్ తగ్గే కొద్దీ రియాక్షన్ నెమ్మదిస్తుంది, చివర్లోనే ఎక్కువ పేరుకుంటుంది. నెమ్మదిగా ఉందని తేలితే పెద్ద రియాక్టర్‌కు వెళ్లకండి. సోడియం టంగ్‌స్టేట్ లాంటి క్యాటలిస్ట్ కొద్దిగా వాడి వేగం పెంచడమో, అడిషన్ ఇంకా సాగదీయడమో ఆర్ అండ్ డీ వాళ్లు తేల్చాలి.

పెద్ద రియాక్టర్‌లో దీన్ని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పెరాక్సైడ్ టెస్ట్ స్ట్రిప్ డబ్బా ఒకటి, ల్యాబ్‌లో థయోసల్ఫేట్ ఉంటే చాలు. హద్దు ఎక్కడ పెట్టాలో ముందు చూద్దాం. మొత్తం పెరాక్సైడ్‌లో 10 శాతం పేరుకుంటే, కూలింగ్ పోయినా టెంపరేచర్ 8 డిగ్రీలే పెరుగుతుంది. 30 కాస్తా 38 అవుతుంది. ఎసిటిక్ యాసిడ్ ఫ్లాష్ పాయింట్ 39-40. కాబట్టి 10 శాతం దగ్గర గీత గీయాలి. ఆ గీత శాంపిల్‌లో బరువు ప్రకారం 0.25 శాతం పెరాక్సైడ్ అవుతుంది. ఒక గ్రాము శాంపిల్ తీసి 100 మి.లీ. చల్లటి డీఎం వాటర్‌లో (లవణాలు తీసేసిన నీళ్లలో) కలిపి స్ట్రిప్ ముంచండి. నీలి రంగు డబ్బా మీది స్కేలులో 25కు చేరితే గీత దగ్గర ఉన్నట్టు. స్ట్రిప్‌ను నేరుగా రియాక్షన్ మాస్‌లో ముంచొద్దు. చిక్కటి యాసిడ్‌లో, ఎక్కువ పెరాక్సైడ్‌లో రంగు సరిగ్గా రాక, లేదనిపించి మోసం చేస్తుంది. టైట్రేషన్ చేసేవాళ్లయితే అదే గ్రాము శాంపిల్‌కు పొటాషియం అయొడైడ్ వేసి 0.1 నార్మల్ థయోసల్ఫేట్‌తో చూడండి. 1 మి.లీ.కి 1.7 మిల్లీగ్రాముల పెరాక్సైడ్. 1.5 మి.లీ. దాటితే అడిషన్ ఆపాలి. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు, తర్వాత అరగంటకు ఒకసారి చూసి బీఎంఆర్‌లో (బ్యాచ్ రికార్డులో) రాయండి. శాంపిల్ తీయడానికి మ్యాన్‌హోల్ తెరవకూడదు, శాంప్లింగ్ లైన్ ఉండాలి.

ఇప్పుడు మీ అడిషన్ ట్యాంకు. పైనుంచి గ్రావిటీతో, చేతి వాల్వుతో దింపడం ఈ ప్రాసెస్‌లో ఆపేయాల్సిన మొదటి అలవాటు. కరెంటు పోయిందనుకోండి. స్టిర్రర్ ఆగుతుంది, నీళ్ల పంపు ఆగుతుంది. పెరాక్సైడ్ మాత్రం తన దారిన తాను దిగుతూనే ఉంటుంది. మన జిల్లాలో కరెంటు సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. డీజీ (డీజిల్ జనరేటర్) అందుకోవడానికి కొన్ని సెకన్లే పట్టినా, చిల్లర్ మళ్లీ దారికి రావడానికి చాలా నిమిషాలు పడుతుంది. అందుకే కరెంటు పోతే దానంతటదే ఆగే డోసింగ్ పంపు పెట్టండి. పంపు లోపలి భాగాలు పీటీఎఫ్‌ఈ లేదా పీవీడీఎఫ్ ప్లాస్టిక్‌వి కావాలి. పంపు గరిష్ఠ వేగం సెట్టింగులో కాదు, పంపులోనే ఉండాలి. 14.3 కిలోల 50 శాతం పెరాక్సైడ్ అంటే 12 లీటర్లు. మూడున్నర గంటలకు గంటకు 3.4 లీటర్లు పడుతుంది. గంటకు 5 లీటర్లకు మించి పోయలేని పంపు కొంటే, ఎవరు ఎంత తిప్పినా మీ కూలింగ్ హద్దు దాటదు. ఆ హద్దు గంటకు 6.8 లీటర్లు. పంపు తర్వాత ఒక నాన్ రిటర్న్ వాల్వు, ఒక స్ప్రింగ్ వాల్వు పెట్టండి. గాలి పోయినా కరెంటు పోయినా ఆ వాల్వు మూసుకోవాలి. రియాక్టర్‌లోని ద్రవం పెరాక్సైడ్ ట్యాంకులోకి వెనక్కి రాకుండా ఆపేవి అవే.

డే ట్యాంకులో, అంటే పంపుకు పెరాక్సైడ్ అందించే చిన్న ట్యాంకులో, ఒక బ్యాచ్‌కు సరిపడా తూచిన పెరాక్సైడ్ తప్ప చుక్క ఎక్కువ ఉండకూడదు. పొరపాటున రెండింతలు పోయిందంటే సల్ఫాక్సైడ్ అక్కడ ఆగదు, సల్ఫోన్ దాకా పోతుంది. ఆ రెండో అడుగులో మోలుకు 340 కిలోజౌళ్ల పైనే పుడుతుంది. మీ బ్యాచ్‌కు అదనంగా 110 డిగ్రీలు. ఎసిటిక్ యాసిడ్ 118 దగ్గర మరుగుతుంది. ఆ లెక్క ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా.

పంపును ఆపే ఇంటర్‌లాకులు: లోపల 35 దాటితే ఆగాలి. 26 కంటే దిగినా ఆగాలి. ఈ రెండోది చాలా చోట్ల ఉండదు. చల్లబడితే మంచిదే అనుకుంటారు, మీకు జరిగిన దానికి మందు మాత్రం అదే. జాకెట్ నీళ్ల ప్రవాహం ఆగినా, నైట్రోజన్ ఆగినా, స్టిర్రర్ ఆగినా పంపు ఆగాలి. స్టిర్రర్ విషయంలో మోటార్ ఆన్‌లో ఉందన్న సిగ్నల్‌ను నమ్మొద్దు, ఆంపియర్లను చూసే రిలే పెట్టండి. కప్లింగ్ జారినా, బ్లేడు ఊడినా మోటార్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, ఆంపియర్లు మాత్రం పడిపోతాయి. స్టిర్రర్ ఆగి ఉండగా పెరాక్సైడ్ పోయిందని తెలిస్తే, కంగారులో మళ్లీ ఆన్ చేయకండి. విడిగా ఉన్న పొర ఒక్కసారి కలిసిపోతుంది. ముందు జాకెట్ కూలింగ్ పూర్తిగా తెరిచి, మనుషుల్ని దూరం పంపి, స్టిర్రర్‌ను వీఎఫ్‌డీలో (మోటార్ వేగాన్ని మార్చే పరికరం) అతి తక్కువ వేగంతో కాసేపు తిప్పుతూ, ఆపుతూ, టెంపరేచర్ చూసుకుంటూ పోవాలి.

థర్మోవెల్ (టెంపరేచర్ ప్రోబ్ ఉండే గొట్టం) ఒకసారి పరీక్షించండి. మీ 290 లీటర్ల లెవెల్‌లో ప్రోబ్ కొస నిజంగా ద్రవంలో మునిగి ఉందా? చిన్న బ్యాచ్ చేసిన రోజున అది గాలిని కొలుస్తూ ఉంటుంది. వెల్‌లో వేడిని అందించే ఆయిల్ లేకపోతే అంకె నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పది నిమిషాల్లో 49 డిగ్రీలు ఎక్కే చోట మూడు నిమిషాల ఆలస్యం అంటే మామూలు మాట కాదు.

రప్చర్ డిస్క్ గురించి అడిగారు. కావాలి, కానీ అది చివరి తలుపు. 14.3 కిలోల 50 శాతం పెరాక్సైడ్ పూర్తిగా విడిపోతే దాదాపు 2,570 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. మీ రియాక్టర్‌లో ఖాళీ 210 లీటర్లు. దారి మూసుకుంటే ఆక్సిజన్ ఒత్తిడే 12 బార్లు, ఆవిరి ఒత్తిడి వేరు. ఇలాంటి రియాక్టర్ల డిజైన్ ప్రెషర్ సాధారణంగా 6 బార్లు. మీ నేమ్ ప్లేట్ చూసుకోండి. డిస్క్ సైజును చేతి అంచనాతో గానీ, ఉన్న 25 మి.మీ. వెంట్‌ను చూసి గానీ నిర్ణయించకూడదు. రన్‌అవేలో (రియాక్షన్ అదుపు తప్పినప్పుడు) గ్యాస్ ఒక్కటే రాదు, నురగతో ద్రవం కూడా ఎగజిమ్ముతుంది. దానికి కావాల్సిన దారి గ్యాస్ లెక్క కంటే చాలా పెద్దది. ఆ లెక్కకు ఏఆర్‌సీ వంటి అడియాబాటిక్ (వేడి బయటికి పోనివ్వని) పరీక్ష డేటా కావాలి. రియాక్షన్ వేడికి ఆర్‌సీ1, పదార్థం ఏ వేడి దగ్గర విడిపోతుందో చూడటానికి డీఎస్‌సీ ఉన్నాయి. డీఎస్‌సీ చేయించేటప్పుడు మూసిన హై ప్రెషర్ బంగారు పూత క్రూసిబుల్ వాడమని అడగండి. మామూలు స్టీలు క్రూసిబుల్ పెరాక్సైడ్‌ను తానే విడగొట్టి తప్పు అంకె ఇస్తుంది. ఈ పరీక్షలు చేసే ల్యాబులు హైదరాబాద్‌లో ఉన్నాయి. డిస్క్ బయటికి పోయే పైపు మనుషులు తిరిగే చోటికి కాకుండా క్యాచ్ ట్యాంకుకు వెళ్లాలి, మధ్యలో వాల్వు ఉండకూడదు.

అత్యవసరంలో మీ చేతిలో ఉండాల్సింది చల్లటి నీళ్లు. రియాక్టర్ పైన 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, దూరం నుంచి తెరిచే వాల్వు పెట్టండి. 150 లీటర్ల నీళ్లు మీ బ్యాచ్ వేడిని మోసే శక్తిని రెండింతలు చేస్తాయి, టెంపరేచర్‌ను అప్పటికప్పుడు దించుతాయి, గాఢత తగ్గి రియాక్షన్ కూడా మందగిస్తుంది. 500 లీటర్లలో అంత చోటు ఉంది. బ్యాచ్ పోతుందనే బెంగ ఆ క్షణంలో ఎవరికీ రాకూడదు. అందుకే 45 డిగ్రీలు దాటి ఇంకా ఎక్కుతుంటే నీళ్లు వదిలేయాలని ముందే రాసి, మేనేజర్ గారితో సంతకం పెట్టించండి. నీళ్లకు బదులు సల్ఫైట్ గుమ్మరించే పని మాత్రం చేయకండి. పెరాక్సైడ్, సల్ఫైట్ కలిస్తే మోలుకు 370 కిలోజౌళ్ల దాకా పుడుతుంది, మీ రియాక్షన్ కంటే ఎక్కువ. సల్ఫైట్ పని బ్యాచ్ ప్రశాంతంగా పూర్తయ్యాక, మిగిలిన కాస్త పెరాక్సైడ్‌ను తీసేయడానికే. మీ 10 మోళ్ల మిగులుకు 1.3-1.4 కిలోల సోడియం సల్ఫైట్ చాలు. నీళ్లలో కరిగించి, 25 డిగ్రీల లోపు, అరగంటకు తగ్గకుండా వేయాలి. యాసిడ్‌లో సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి కాస్టిక్ స్క్రబ్బర్ నడుస్తుండాలి.

నైట్రోజన్ మాట. 30 డిగ్రీల దగ్గర ఎసిటిక్ ఆవిరి గాలిలో మండే హద్దుకు, అంటే 4 శాతానికి, కిందే ఉంటుంది. 40 దాటితే లోపలికి వచ్చేస్తుంది. మీ పెరాక్సైడ్ పక్కనే ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. రెండో బ్యాచ్‌లో 71 దగ్గర మీ రియాక్టర్ పైభాగంలో మంటకు కావాల్సినవన్నీ ఉన్నాయి, నిప్పురవ్వ ఒక్కటే లేదు. మామూలుగా సాల్వెంట్ ఆవిరి మండటానికి ఆక్సిజన్ 9-12 శాతమైనా కావాలి. దాన్ని 5 లోపు ఉంచాలి. పెరాక్సైడ్‌లో పదో వంతు విడిపోతుందనుకున్నా నిమిషానికి 1.2 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది. నిమిషానికి 50 లీటర్ల నైట్రోజన్ రోటామీటర్ ద్వారా పంపితే 2-3 శాతం దగ్గర ఉంటుంది. పెరాక్సైడ్ మొదలుపెట్టే ముందు మ్యాన్‌హోల్ మూసి అదే ధారతో 15 నిమిషాలు ఊదండి. నైట్రోజన్ ఉన్న రియాక్టర్‌లోకి తల పెట్టి చూడకూడదని కొత్త కుర్రాళ్లకు ఒకసారి కాదు, పదిసార్లు చెప్పండి.

పెరాక్సైడ్ నిల్వలో ఎక్కువ తప్పులు చిన్న ఫిట్టింగుల్లో జరుగుతాయి. ఇత్తడి, రాగి, తుప్పు, ఒక చిటికెడు ఇనుప పొడి కూడా దాన్ని విడగొడతాయి. రెండు మూసిన వాల్వుల మధ్య పైపులో పెరాక్సైడ్ చిక్కకూడదు, చిక్కితే పైపే పేలుతుంది. మామూలు బాల్ వాల్వు మూసినప్పుడు దాని బంతి రంధ్రంలో కూడా కొంచెం చిక్కుకుంటుంది. అందుకే ట్యాంకు వైపు చిన్న రంధ్రం ఉన్న వెంటెడ్ బాల్ వాల్వులే కొనాలి. కార్బాయ్ మూత గాలి వదిలేది కావాలి. ఎండ తగలకుండా, చెక్క ప్యాలెట్ల మీద కాకుండా ఉంచాలి. ఒకసారి బయటికి తీసింది తిరిగి కార్బాయ్‌లో పోయకూడదు. వీలైతే 50 శాతం బదులు 30-35 శాతం కొనండి. మీ బ్యాచ్‌లో అదనంగా వచ్చే నీళ్లు ఆరు నుంచి తొమ్మిదిన్నర కిలోలే. ప్రొడక్ట్‌కు ఇబ్బంది లేదని ల్యాబ్‌లో తేలితే ఎంతో ఊరట. తోలు గ్లవ్స్, తోలు బూట్లు వద్దు. పెరాక్సైడ్ పీల్చుకున్న తోలు, నూలు గుడ్డ ఆరాక తమంత తామే అంటుకోవచ్చు. తడిసిన బట్టలు వెంటనే విప్పి నీళ్లలో ముంచాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. పైడిభీమవరం నుంచి శ్రీకాకుళం పోయినా విజయనగరం పోయినా అరగంట పైనే కాబట్టి, కన్ను దక్కేది రియాక్టర్ పక్కనున్న ఐ వాష్ దగ్గరే.

ఎసిటోన్‌ను ఈ రియాక్టర్ దరిదాపులకు రానివ్వకండి. కడగడానికైనా, గ్లాస్ పైపు ఆరబెట్టడానికైనా వద్దు. యాసిడ్ ఉన్న చోట ఎసిటోన్, పెరాక్సైడ్ కలిస్తే రాపిడికే పేలే స్ఫటికాలు పుడతాయి. ఎంఈకే అనే సాల్వెంట్ కూడా అంతే. నీళ్లతో, ఆ తర్వాత తాజా ఎసిటిక్ యాసిడ్‌తో కడగండి.

ఇక మీ మదర్ లిక్కర్ రికవరీ. ఎసిటిక్ యాసిడ్‌లో నిలిచిన పెరాక్సైడ్ కొంత పెరాసిటిక్ యాసిడ్‌గా మారి ఉంటుంది. డిస్టిలేషన్‌లో సాల్వెంట్ పోయే కొద్దీ అడుగున ఆ పెరాక్సైడ్‌లు చిక్కబడతాయి, వేడి పక్కనే ఉంటుంది. ఈ రకం ప్రమాదం రియాక్షన్‌లో కాదు, రికవరీలో జరుగుతుంది, అదీ ఎవరూ ఊహించని రోజున. పైన చెప్పినట్టు డ్రమ్ముల గాలి వదిలాక, గ్రాము శాంపిల్‌ను 100 మి.లీ. నీళ్లలో కలిపి స్ట్రిప్ చూడండి. రంగు వస్తే లెక్క కట్టి సల్ఫైట్ ద్రావణం నెమ్మదిగా వేసి, మళ్లీ చూడండి. రంగు రాకపోతే పది రెట్ల నీళ్లలోనే కలిపి ఇంకోసారి చూడండి. అప్పుడూ తెల్లగా ఉంటేనే రికవరీకి పంపండి. పంపినా కెటిల్‌ను పూర్తిగా ఎండిపోనివ్వకుండా, అడుగున ఐదో వంతు మిగిల్చి ఆపండి. ఈ డ్రమ్ముల్లో నైట్రిక్ వేస్టు గానీ, మరో సాల్వెంట్ గానీ కలపొద్దు.

మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు భయంగా ఉంది సార్ అనకండి. 49ని 76తో భాగించిన కాగితం, గంటా 45 నిమిషాల లెక్క ముందు పెట్టండి. ఆయనకు కావాల్సింది బ్యాచ్ టైము తగ్గడం. ల్యాబ్‌లో మధ్యమధ్య ఆపి చూసే పాజ్ టెస్ట్ బాగా వస్తే, అడిషన్ అయిన వెంటనే రియాక్షన్ కూడా దాదాపు పూర్తయిపోతుంది, తర్వాత వేచి ఉండే గంటలు మిగులుతాయి. వినకపోతే, ప్రమాదం ముంచుకొస్తోందని సహేతుకంగా అనిపించినప్పుడు దాన్ని యాజమాన్యం దృష్టికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ దృష్టికీ తెచ్చే హక్కు మీకు ఉంది. ఫ్యాక్టరీల చట్టంలో 1987 సవరణతో 41-హెచ్ సెక్షన్‌గా వచ్చిన హక్కు అది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ దానికి చోటుంది. రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోండి.

మూడో బ్యాచ్‌ను పగటి షిఫ్టులో, సగం సైజుతో మొదలుపెట్టండి. ఎసిటిక్ యాసిడ్ కూడా 120 కిలోలకు తగ్గుతుంది కాబట్టి ప్రోబ్ మునిగిందో లేదో మళ్లీ చూసుకోవాలి. జాకెట్ తగిలే వైశాల్యం కూడా తగ్గుతుంది, అందుకని మూడున్నర గంటల అడిషన్‌ను కుదించొద్దు. మొదటి 10 శాతం, అంటే 700 చిల్లర గ్రాముల పెరాక్సైడ్ పోయాక పంపు ఆపండి. లోపలి టెంపరేచర్ రెండు మూడు డిగ్రీలైనా లేచి మళ్లీ దిగిందా? స్ట్రిప్ మీద రంగు 25కు కిందే ఉందా? రెండింటికీ అవును అని వస్తేనే పంపు మళ్లీ ఆన్ చేయండి. టెంపరేచర్ లేవకపోతే మిగతా 90 శాతం డే ట్యాంకులోనే ఉండనివ్వండి, రియాక్షన్ ఎందుకు మొదలవలేదో తేలేదాకా.